నచ్చిన పని వారానికి ఒక్క రోజైనా: బలాల లెక్క గంటల్లో తేల్చుకోవడం

"మీ బలాలేమిటి?" అని అడిగితే ఎక్కువమంది రెజ్యూమెలో రాసుకున్నదే అప్పజెబుతారు. ఎక్సెల్ బాగా వచ్చు, గడువులోగా పని పూర్తిచేస్తాను, అందరితో కలిసిపోతాను. మొదటిది నేర్చుకున్న నైపుణ్యం, రెండోది అలవాటు, మూడోది స్వభావం. ఉద్యోగం తెచ్చుకోవడానికి ఇవి పనికొస్తాయి. కానీ సోమవారం పొద్దున కాళ్లు ఎందుకు ముందుకు పడటం లేదో, గురువారం మధ్యాహ్నం రెండు గంటలు మాత్రం తెలియకుండానే ఎలా గడిచిపోయాయో ఇవి చెప్పలేవు.

నేను రాయబోయేది ఆ రెండు గంటల గురించే. వాటిని ఎలా పట్టుకోవాలి, ఎలా పెంచుకోవాలి, ఎక్కడ బెడిసికొడుతుంది అన్నది వీలైనంత వివరంగా రాస్తాను. ఉద్యోగం మారే సంగతి బాగా కిందకు వెళ్లాక వస్తుంది. ఆ నిర్ణయానికి ముందు చేయాల్సిన పని చాలా ఉంది.

బాగా చేయడం వేరు, బలం వేరు

ఒక పనిని బలం అనాలంటే అది రెండు పరీక్షలు నెగ్గాలి. మీరు దాన్ని బాగా చేయాలి. చేశాక మీలో ఓపిక మిగలాలి, వీలైతే పెరగాలి. బ్రిటిష్ మనస్తత్వవేత్త అలెక్స్ లిన్లే ఈ రెండింటికీ "ఎంత తరచుగా వాడుతున్నాం" అన్నది జోడించి పనులను నాలుగు రకాలుగా విడదీశాడు. బాగా చేస్తూ, హుషారునిస్తూ, రోజూ వాడుతున్నవి ఒకటి. బాగా చేయగలిగి, హుషారునిచ్చి, వాడే అవకాశం రానివి రెండు. బాగా చేస్తున్నా మనల్ని పిండేసేవి మూడు. బాగా చేయలేక, ఓపికా హరించేవి నాలుగు.

నాలుగో రకాన్ని ఎవరైనా గుర్తుపడతారు. మోసం చేసేది మూడోది. ఏళ్ల తరబడి చేసి చేసి చేయి తిరిగిన పని అది. అందరూ మెచ్చుకుంటారు, ప్రమోషన్ కూడా దానివల్లే వస్తుంది, ప్రమోషన్‌తో పాటు అదే పని రెట్టింపవుతుంది. అయిదేళ్లకు మనిషి లోపల ఎండిపోతాడు. బయటివాళ్లకు మాత్రం "ఇంత బాగా చేస్తున్నారు కదా, ఇంకేం కావాలి?" అనిపిస్తుంది. మంచి పేరున్న ఉద్యోగుల్లో కనిపించే కారణం తెలియని అలసటకు ఇదే మూలమని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి వెతకాల్సింది రెండో రకాన్ని, తగ్గించుకోవాల్సింది మూడో రకాన్ని. నాలుగోదాని మీద పడి ఏళ్లు ఖర్చుపెట్టడం ఈ లెక్కలో ఆఖరి పని.

ఎంత పెంచుకుంటే చాలు? దీనికి పనికొచ్చే ఆధారం ఒకటుంది. వైద్య కళాశాల ఆసుపత్రిలో పనిచేసే డాక్టర్ల మీద అమెరికన్ వైద్య పరిశోధకుడు టెయిట్ షానఫెల్ట్ బృందం చేసిన సర్వే 2009లో వెలువడింది. రోగులను చూడటం, పరిశోధన, బోధన, పరిపాలన, వీటిలో మీకు అన్నిటికన్నా అర్థవంతంగా అనిపించేది ఏది, దానికి మీ సమయంలో ఎంత వెళ్తోంది అని అడిగారు. తమకు ముఖ్యమైన ఆ పనికి 20 శాతం కన్నా తక్కువ సమయం దొరికినవాళ్లలో 53.8 శాతం మంది బర్నవుట్ (పని ఒత్తిడితో పూర్తిగా అలసిపోయి, పని మీద ఆసక్తి పోవడం) లక్షణాలతో ఉన్నారు. 20 శాతం, ఆపైన దొరికినవాళ్లలో అది 29.9 శాతం. ఇది ఒక సమయంలో తీసిన సర్వే, అదీ డాక్టర్ల మీద. ఏది కారణం, ఏది ఫలితం అని దీన్నిబట్టి తేల్చేయకూడదు. అయినా లక్ష్యం పెట్టుకోవడానికి ఆ అంకె చక్కగా సరిపోతుంది. వారానికి 40 గంటల ఉద్యోగంలో 20 శాతం అంటే 8 గంటలు, ఒక పనిరోజు. మిగిలిన నాలుగు రోజులు మామూలుగా ఉన్నా ఫరవాలేదన్నమాట. "నచ్చిన పనే రోజంతా చేయాలి" అన్న అసాధ్యమైన కోరిక నుంచి ఇది మనల్ని బయటపడేస్తుంది.

రెండు వారాల చిట్టా

జ్ఞాపకాన్ని నమ్మి ఈ పని మొదలుపెట్టకండి. నెల మొత్తంలో మనకు గుర్తుండేది ఒక పెద్ద గొడవ, ఒక పెద్ద మెప్పు, నిన్నటి మీటింగు. నడుమ గడిచిన నూట యాభై గంటలు ఆవిరైపోతాయి. అందుకే వరుసగా 10 పనిరోజులు చిట్టా రాయాలి. ఒక్క వారమైతే అది నెలాఖరు వారమో, పండగ ముందు వారమో అయ్యే ప్రమాదముంది. రెండు వారాలు కనీసం. నెలాఖరు హడావిడి ఎక్కువుండే ఉద్యోగమైతే ఒక వారం నెల మధ్యలో, ఒక వారం నెల చివర్లో తీసుకోండి.

20 నిమిషాలు దాటిన ప్రతి పనికీ ఒక వరుస రాయాలి. రోజుకు ఆరు నుంచి ఎనిమిది వరుసలొస్తాయి. వరుసకు అయిదు గళ్లు: సమయం, ఏం చేశాను, ఎవరితో లేదా ఎలాంటి పరిస్థితిలో, ఓపిక మార్కు, ఫలితానికి ఆధారం. ఓపిక మార్కు మైనస్ 2 నుంచి ప్లస్ 2 దాకా వేసుకోండి. సున్నా అంటే మామూలు. ప్లస్ 2 అంటే ఆ పని అయ్యాక ఇంకో అరగంట దొరికినా అదే చేసేవాణ్ణి, చేసేదాన్ని అనిపించడం. మైనస్ 2 అంటే అయ్యాక కాసేపు ఏ పనీ ముట్టబుద్ధి కాకపోవడం.

"ఏం చేశాను" అన్న గడిలోనే ఎక్కువ చిట్టాలు పాడవుతాయి. "మీటింగు", "రిపోర్టు", "మెయిల్స్" అని రాస్తారు. ఇవి పనులు కావు, పనులు జరిగే చోట్లు. క్రియాపదం రాయాలి. "నెలవారీ రిపోర్టు, 3 గంటలు, మైనస్ 1" అని రాస్తే అందులో ఏమీ తెలియదు. అదే రిపోర్టును విప్పితే నాలుగు పనులుంటాయి: నలుగురిని పదేపదే అడిగి అంకెలు రాబట్టాను, లెక్క కుదరని చోటు పట్టుకున్నాను, చార్టులు గీశాను, పైవాళ్లకు అరగంట వివరించాను. అడిగి రాబట్టడానికి మైనస్ 2, తప్పు పట్టుకోవడానికి ప్లస్ 2, చార్టులకు సున్నా, వివరించడానికి ప్లస్ 1 రావచ్చు. రిపోర్టు అంటే విసుగు అనుకున్న మనిషికి నిజానికి విసుగు తెప్పిస్తున్నది ఒక్క ముక్కే. ఆ ముక్కను పరిష్కరించే దారులు వేరే ఉన్నాయి.

పరిస్థితి గడిని కూడా తేలిగ్గా తీసుకోకండి. ఒక్కరికి పక్కన కూర్చుని నేర్పడం, ముప్పై మందికి నిలబడి చెప్పడం, రెండూ "బోధన"లాగే కనిపిస్తాయి. మొదటిదానికి ప్రాణం పెట్టే మనిషి రెండోదానికి ముందురోజు రాత్రి నిద్రపోకపోవచ్చు. తొందరలో బాగా ఆలోచించేవాళ్లు కొందరైతే, వ్యవధి ఇస్తేనే బాగా ఆలోచించేవాళ్లు కొందరు.

ఆఖరి గడి ఎందుకంటే, ఇష్టం ఒక్కటే బలం కాదు. పని తిరిగి దిద్దడానికి రాలేదు, ఎవరో దాన్ని ఎత్తి వాడుకున్నారు, మళ్లీ మీ దగ్గరికే అడగడానికి వచ్చారు, ఇలాంటి ఆధారం ఒక్కటైనా ఉండాలి. ఆధారం లేని ప్లస్ 2 ఒక ఆసక్తి. దాన్ని పెంచుకోవచ్చు, కానీ దాని భరోసాతో మేనేజర్ దగ్గరికి వెళ్లకూడదు.

ఇంకో రెండు పొరపాట్లు తరచూ జరుగుతాయి. సాయంత్రం ఒకేసారి కూర్చుని రోజంతా నింపితే ఆఖరి గంట మూడ్ అన్ని వరుసలకూ అంటుకుంటుంది. మధ్యాహ్న భోజనానికి ముందు ఒకసారి, బయల్దేరేముందు ఒకసారి రాయడం మేలు. రెండోది, నిద్ర చాలని రోజు. ఆ రోజు అన్ని మార్కులూ ఒక మెట్టు దిగిపోతాయి. తేదీ పక్కన ఎన్ని గంటలు పడుకున్నారో రాసుకుంటే తర్వాత ఆ రోజును పక్కనపెట్టే వీలుంటుంది.

పది రోజులయ్యాక ఆధారం ఉన్న ప్లస్ వరుసల గంటలన్నీ కూడండి. 80 గంటల్లో 9 గంటలు తేలాయనుకుందాం, అంటే 11 శాతం. లక్ష్యం 20 శాతం, అంటే 16 గంటలు. దొరకాల్సినవి రెండు వారాలకు 7 గంటలు, వారానికి మూడున్నర. "ఈ ఉద్యోగం నాకు సరిపడదు" అన్న పెద్ద కొండ ఇప్పుడు మూడున్నర గంటల సమస్యగా మారింది.

పెరటి చెట్టు

పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, మనకు సులువుగా వచ్చే పనిని మనమే లెక్కలోకి తీసుకోం. "ఇదెవరైనా చేస్తారు కదా" అనుకుంటాం. ఈ గుడ్డిచోటు చిట్టాలో కూడా దొరకదు, ఎందుకంటే అలాంటి పని చాలాసార్లు 20 నిమిషాలు కూడా పట్టదు, పట్టినా రాయాలని తోచదు. అందుకే బయటివాళ్లను అడగాలి.

మిషిగన్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఒక పద్ధతి దీనికి చక్కగా ఉపయోగపడుతుంది. మిమ్మల్ని బాగా ఎరిగిన పది నుంచి ఇరవై మందిని, మీరు అత్యుత్తమంగా కనిపించిన మూడేసి సందర్భాలు రాసిమ్మని అడగడం. "నా బలాలేమిటి" అని మాత్రం అడగకండి. అలా అడిగితే మంచివాడు, ఓపిక ఎక్కువ, కష్టపడతావు అని విశేషణాలొస్తాయి. సందర్భం అడిగితే క్రియలొస్తాయి. మెసేజ్ ఇలా ఉంటే చాలు: "నేను నా పని తీరు గురించి ఒక చిన్న కసరత్తు చేస్తున్నాను. నేను బాగా ఉపయోగపడ్డాననిపించిన సందర్భాలు రెండుమూడు గుర్తొస్తే రాస్తారా? అప్పుడు నేనేం చేశాను, దానివల్ల ఏం జరిగింది అన్నది నాలుగు వాక్యాల్లో చాలు. వచ్చే ఆదివారంలోగా పంపితే చాలా సాయం."

అందరూ జవాబివ్వరు కాబట్టి అడిగేవాళ్ల సంఖ్య ఎక్కువే పెట్టుకోండి. ఇప్పటి సహోద్యోగులు, పాత ఉద్యోగంలోని వాళ్లు, ఉద్యోగంతో సంబంధం లేనివాళ్లు, మూడు గుంపుల నుంచీ ఉండాలి. వచ్చినవన్నీ ఒకచోట పెట్టి క్రియల కింద గీతలు గీయండి. ఒకే క్రియ కనీసం మూడుసార్లు, వేర్వేరు గుంపుల నుంచి వస్తే అది నిలబడే బలం. ఒక్క గుంపులోనే వస్తే అది ఆ చోటి అలవాటు అయి ఉండవచ్చు. వాళ్లు మెచ్చుకున్నదీ మీ చిట్టాలో మైనస్ ఉన్నదీ ఒకటే అయితే, అక్కడ లిన్లే చెప్పిన మూడో రకం దొరికినట్టే.

ఆన్‌లైన్ పరీక్షల సంగతి క్లుప్తంగా. మనస్తత్వవేత్తలు క్రిస్టోఫర్ పీటర్సన్, మార్టిన్ సెలిగ్మన్ 2004లో ప్రకటించిన వర్గీకరణలో 24 గుణబలాలున్నాయి, దాని ప్రశ్నావళి ఉచితం. గ్యాలప్ సంస్థది డబ్బు కట్టి రాసేది, అందులో 34 అంశాలు. ఇవి మాటలిస్తాయి, తీర్పులివ్వవు. 24లో 20వ స్థానంలో వచ్చింది మీ బలహీనత అని కాదు, మిగిలినవాటికన్నా తక్కువ వాడతానని మీరే చెప్పుకున్నారని మాత్రమే. ఇంకో జాగ్రత్త ఉంది. 1948లో మనస్తత్వవేత్త బెర్ట్రం ఫోరర్ తన విద్యార్థులకు వ్యక్తిత్వ పరీక్ష పెట్టి, విడివిడిగా ఫలితాలిచ్చినట్టు చూపి, అందరికీ ఒకే వర్ణన ఇచ్చాడు. అది తమకు ఎంత సరిపోయిందో అయిదుకు మార్కులేయమంటే సగటున 4.26 వేశారు. కాబట్టి మీ ఫలితం కాగితం తీసుకుని, పక్క సీటులోని మనిషికి కూడా అంతే బాగా సరిపోయే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. మిగిలిందే మీది.

ఈ మూడు మూలాల నుంచీ వచ్చినదాన్ని మూడు నాలుగు వాక్యాలుగా కుదించాలి. ఒక్కటే బలం మీద ఉద్యోగమంతా నిలబెట్టడం కష్టం. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో క్లాడియా హార్జర్, విల్లిబాల్డ్ రుఖ్ చేసిన పరిశోధనలో, తమ ముఖ్య బలాల్లో నాలుగూ ఆపైన పనిలో వాడగలిగినవాళ్లకే పని గురించిన మంచి అనుభవాలు ఎక్కువని తేలింది. వాక్యంలో క్రియ ఉండాలి, దేనిమీద చేస్తారో ఉండాలి, ఏ పరిస్థితిలో బాగా వస్తుందో ఉండాలి. "విశ్లేషణాత్మక ఆలోచన" అని రాస్తే దానితో ఏమీ చేయలేం. "చిందరవందరగా వచ్చిన సమాచారాన్ని, రెండు గంటలు ఎవరూ కదిలించకుండా ఉంటే, నిర్ణయం తీసుకునేవాళ్లకు అర్థమయ్యే ఒక్క పేజీగా మార్చగలను" అని రాస్తే, అలాంటి పని ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టవచ్చు.

ఉన్న ఉద్యోగాన్ని మలచుకోవడం

బలం ఏదో తెలుసుకుని ఊరుకుంటే ఏమీ మారదు. 2005లో సెలిగ్మన్ బృందం ఇంటర్నెట్ ద్వారా చేసిన ప్రయోగంలో ఒక గుంపు తమ ముఖ్య బలాలేవో తెలుసుకుని వాటిని ఎక్కువగా వాడమన్న సలహాతో ఆగిపోయింది. ఇంకో గుంపు వారం పాటు రోజూ వాటిలో ఒకదాన్ని కొత్త విధంగా వాడింది. మొదటి గుంపుకు వచ్చిన సంతోషం కొద్ది రోజులే నిలిచింది. రెండో గుంపులో ఆ ప్రభావం ఆరు నెలల తర్వాత కూడా కనిపించింది. ఇక్కడ పట్టుకోవాల్సిన మాట "కొత్త విధంగా". రోజూ చేసేదాన్నే ఇంకాస్త ఎక్కువ చేయడం కాదు. తప్పులు పట్టడం మీ బలమైతే, తప్పు జరిగాక పట్టడం పాత విధం. పని మొదలయ్యేముందే "ఇది ఎక్కడెక్కడ విరగవచ్చు" అని పది నిమిషాలు టీముతో కూర్చోవడం కొత్త విధం.

2001లో పరిశోధకులు ఏమీ రెజ్నెస్కీ, జేన్ డట్టన్ ఇలా ఉద్యోగాన్ని మలచుకోవడానికి "జాబ్ క్రాఫ్టింగ్" అని పేరు పెట్టారు. వాళ్ల ఉదాహరణల్లో ఒకటి ఆసుపత్రి పారిశుద్ధ్య సిబ్బంది. ఉద్యోగ వివరణ అందరిదీ ఒకటే. కొందరు చెప్పిన పని చేసి వెళ్లిపోయేవారు. కొందరు రోగులతో, వాళ్లను చూడవచ్చినవాళ్లతో నాలుగు మాటలు మాట్లాడుతూ, వార్డు పని ఎప్పుడు ఎలా సాగుతోందో చూసుకుని తమ పనిని దానికి తగ్గట్టు అమర్చుకుంటూ, తమది రోగి కోలుకోవడంలో ఒక భాగమని భావించేవారు. మలచుకోవడానికి మూడు చోట్లున్నాయి: చేసే పనులు, కలిసే మనుషులు, ఆ పనిని చూసే చూపు. నా సలహా మొదటి రెండిటితో మొదలుపెట్టమని. గంటలు మారకుండా చూపు ఒక్కటే మార్చుకోమనడం తరచుగా ఉద్యోగికి చెప్పే ఊరడింపుగా మిగిలిపోతుంది.

మొదట ఎవరి అనుమతీ అక్కర్లేని మార్పులు. చిట్టాలో ప్లస్ 2 వచ్చిన పని మీకు చురుకుదనం ఎక్కువుండే సమయంలో పడేలా, మైనస్ పని మందకొడి గంటల్లోకి వెళ్లేలా క్యాలెండర్ సర్దండి. మైనస్ పనిని ముక్కలుగా వారమంతా చల్లుకోవద్దు. ఒకేచోట గంటన్నర కట్టేస్తే మిగతా వారం దాని నీడ పడదు. పదేపదే వచ్చే మెయిళ్లకు నమూనా జవాబులు, పదేపదే చేసే పనులకు చెక్‌లిస్టు తయారుచేసుకోండి. ఇంతవరకూ చేస్తేనే కొందరికి వారానికి గంట, రెండు గంటలు మిగులుతాయి.

తర్వాత మార్పిడి. మీకు మైనస్ 2 వచ్చిన పని ఇంకెవరికో ప్లస్ వచ్చే అవకాశం మీరనుకున్నదానికన్నా ఎక్కువ. ఒకరికి మీటింగు నోట్స్ రాయడం నరకం, క్లయింట్లకు ఫోన్ చేయడం హాయి. పక్క మనిషికి సరిగ్గా తిరగేసి. మార్చుకునేముందు మూడు విషయాలు కాగితం మీద పెట్టండి: ఎవరు ఏది చేస్తారు, "పూర్తయింది" అంటే ఏ స్థాయిలో, ఎన్ని వారాలు. నాలుగు వారాలు చాలు. స్థాయి రాసుకోకపోవడమే ఇక్కడ గొడవలకు కారణం. మీ దృష్టిలో నోట్స్ అంటే అరపేజీ నిర్ణయాలు, అవతలివాళ్ల దృష్టిలో మాటకు మాట నాలుగు పేజీలు. ఇంకోటి కూడా చెప్పాలి. ఎవరికీ నచ్చని పని చివరకు టీములో అందరికన్నా చిన్నవాళ్ల నెత్తిన పడుతుంది. అది మార్పిడి కాదు, దోపిడి. వంతులు వేసుకోండి.

మూడోది, మేనేజర్‌తో మాట్లాడి కొత్త పని తీసుకోవడం. కస్టమర్ ఫిర్యాదులకు జవాబిచ్చే ఉద్యోగిని తీసుకుందాం. మళ్లీ మళ్లీ వచ్చేదాన్ని గుర్తించడం తన బలం. రోజంతా ఒక్కొక్క ఫిర్యాదు మూస్తూ పోతే ఆ బలానికి చోటు లేదు. వారానికి తొంభై నిమిషాలు తీసుకుని ఆ వారం ఫిర్యాదులను కారణాలవారీగా సర్ది, మొదటి అయిదు కారణాలతో ఒక పేజీ ఇస్తే, తన పని హోదా మారకుండానే స్వరూపం మారిపోతుంది. అడిగే తీరు మాత్రం ముఖ్యం. "నాకీ పనిలో తృప్తి లేదు" అని మొదలుపెడితే మేనేజర్‌కు రాజీనామా వాసన వస్తుంది, సంభాషణ జీతం వైపు మళ్లుతుంది. ఆయనకో ఆవిడకో ఉన్న సమస్యతో మొదలుపెట్టండి.

"సర్, పాస్‌వర్డ్ ఫిర్యాదులే ఈ నెల మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ఏ కారణానికి ఎన్ని వస్తున్నాయో మనకు లెక్క లేదు. నాకు అలాంటివి పట్టుకోవడం బాగా వచ్చు. ఆరు వారాలు, వారానికి గంటన్నర ఇస్తే శుక్రవారం శుక్రవారం ఒక పేజీ ఇస్తాను. నా రోజువారీ లెక్క తగ్గితే ఆపేద్దాం. ఆరు వారాలయ్యాక పనికొచ్చిందో లేదో మీరే చూడండి."

ఇందులో సమస్య, వ్యవధి, గంటలు, కొలత, వెనక్కి వెళ్లే దారి అయిదూ ఉన్నాయి. వెనక్కి దారి ఉన్న ప్రతిపాదనకు ఒప్పుకోవడం ఏ మేనేజర్‌కైనా సులువు. కాదంటే "ఏముంటే వీలవుతుంది?" అని అడిగి, నిడివి సగానికి తగ్గించి మళ్లీ ప్రయత్నించండి. రెండుసార్లు కారణం చెప్పకుండా కాదంటే అది మీ ప్రతిపాదన గురించి కాకుండా ఆ చోటు గురించి మీకేదో చెబుతోంది.

అతి అయినప్పుడు

బలాన్ని పొగిడే రాతలు చాలామటుకు దీన్ని దాటవేస్తాయి. నాయకత్వం మీద పరిశోధన చేసిన రాబర్ట్ కప్లాన్, రాబర్ట్ కైజర్ 2009లో సరిగ్గా ఈ విషయం మీదే రాశారు: బలాన్ని అతిగా వాడితే అదే లోపమవుతుంది. సూక్ష్మంగా చూసే మనిషి చిన్న పనిని కూడా మూడుసార్లు దిద్ది గడువు దాటిస్తాడు. ఎదుటివాళ్ల కష్టం అర్థమయ్యే మనిషి వాళ్ల పనంతా తన మీద వేసుకుంటుంది. వేగంగా ఆలోచించేవాళ్లు ఎదుటివాళ్ల వాక్యాలు తామే పూర్తిచేస్తారు, క్రమంగా ఎవరూ వాళ్లకు ఏమీ చెప్పడం మానేస్తారు.

మందు ఒకటే. బలం వాక్యం కిందే ఆపే నియమం రాసుకోవాలి. "రెండోసారి చూశాక పంపేస్తాను, మూడోసారి చూడను." "సలహా ఇస్తాను, పని తీసుకోను." "పది లెక్కపెట్టేదాకా నోరు తెరవను." నియమం ఇంత నిర్దిష్టంగా లేకపోతే పనిచేయదు, ఎందుకంటే బలం వాడుతున్నప్పుడు మనకు అతి అనిపించదు, హాయిగా ఉంటుంది.

పేరొచ్చాక వచ్చే ప్రమాదం ఇంకోటి. ఆ శుక్రవారం పేజీ బాగుందని మరో మూడు టీములు కూడా అడుగుతాయి. గంటన్నర కాస్తా పది గంటలవుతుంది, కొత్తదనం పోతుంది, హుషారునిచ్చిన పనే మూడో రకంలోకి జారుతుంది. అందుకే మూడు నెలలకోసారి మూడు రోజులైనా చిట్టా మళ్లీ రాసి, పాత మార్కులతో పోల్చాలి. ప్లస్ 2 కాస్తా సున్నాకు దిగితే ఆ పనిని ఇంకొకరికి నేర్పే సమయం వచ్చిందన్నమాట.

బలహీనతలనూ వదిలేయమని కాదు. ఉద్యోగానికి తప్పనిసరైన చోట పాస్ మార్కులదాకా తెచ్చుకోవాలి, అక్కడ ఆపాలి. లెక్కలు గాబరా పెట్టే మనిషికి లెక్కలో నేర్పు అక్కర్లేదు. పంపేముందు సరిచూసుకునే ఆరు అంశాల చెక్‌లిస్టు, ఒకసారి చూసిపెట్టే స్నేహితుడు చాలు.

బలాలు తీర్చలేని బాధలు

ఇది చెప్పకుండా ఈ విషయం రాయడం అన్యాయం. మనస్తత్వవేత్తలు క్రిస్టినా మాస్లాక్, మైకేల్ లైటర్ బర్నవుట్‌కు దారితీసే ఆరు చోట్లు గుర్తించారు: పనిభారం, అధికారం లేకపోవడం, తగిన ప్రతిఫలం రాకపోవడం, తోటివాళ్లతో సంబంధాలు, న్యాయం, విలువలు. మీ బాధ వీటిలోదైతే బలాల చిట్టా దాన్ని తీర్చదు. వారానికి 65 గంటలు పనిచేస్తున్న మనిషికి కావాల్సింది నిద్ర, ఇంకో ఇద్దరు ఉద్యోగులు. అవమానించే పై అధికారి ఉన్న మనిషికి కావాల్సింది రక్షణ. అలాంటి చోట "నీ బలాలు వాడుకో" అని చెప్పడం బాధితుడి మీదే భారం మోపడం.

తేడా పట్టుకోవడానికి చిట్టానే చూడండి. మైనస్‌లు కొన్ని పనులకే వస్తే అది పొసగకపోవడం, మలచుకుంటే బాగుపడుతుంది. నిన్నమొన్నటిదాకా ప్లస్ ఇచ్చిన పనులకు కూడా మైనస్‌లే వస్తుంటే, మనుషులను బట్టి మార్కు మారుతుంటే, అది పరిస్థితి. విరామంలో కూడా, ఇంట్లో కూడా, ఇష్టమైనవాటికి కూడా మైనస్సే అయితే డాక్టరును కలవాలి.

మారాల్సి వస్తే

మూడు నెలలు మలిచి చూశాక కూడా నచ్చే గంటలు వారానికి నాలుగు దాటకపోతే, మైనస్ పనులే ఉద్యోగంలో సగమైతే, వెతకడం మొదలుపెట్టవచ్చు. ఇది కొలిచిన సూత్రం కాదు, నేను సరైనదనుకునే గీత. దూరపు కొండలు నునుపు కాబట్టి కొత్త ఉద్యోగాన్ని కూడా అదే క్రియల జల్లెడలో వేయాలి. ప్రకటన తీసుకుని హోదా, విశేషణాలు కొట్టేసి, క్రియలు మాత్రం మిగల్చండి. మీ వాక్యాలతో ఎన్ని కలుస్తున్నాయో చూడండి. చాలా ప్రకటనల్లో "సమన్వయం చేయాలి" అన్నది మూడుసార్లుంటుంది. దాని అర్థం నలుగురి వెంటపడి అడిగి రాబట్టడం. మీ చిట్టాలో దానికెంత మార్కు వచ్చిందో గుర్తుందిగా.

ఇంటర్వ్యూ చివర్లో ప్రశ్నలున్నాయా అన్నప్పుడు "ఇక్కడి సంస్కృతి ఎలా ఉంటుంది?" అని అడగకండి, అందరూ బాగుంటుందనే అంటారు. "ఈ సీటులో ఉన్నవాళ్లు పోయిన మంగళవారం పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఏం చేశారు?" అని అడగండి. "మొదటి మూడు నెలల్లో ఎక్కువ సమయం దేనికి వెళ్తుంది?" "ఇంతకుముందు చేసినవాళ్లు ఇప్పుడెక్కడున్నారు?" జవాబులో క్రియలు వస్తే రాసుకోండి. విశేషణాలే వస్తే ఆ టీములో ఇప్పుడు పనిచేస్తున్న ఒకరితో పది నిమిషాలు మాట్లాడించమని కోరండి.

ఉన్నచోటే మలచుకున్నా, వేరే చోటికి వెళ్లినా, నిర్ణయం తీసుకున్న రోజునే ఒక కాగితం మీద మూడు వాక్యాలు రాయండి: ఏం మారుతుందనుకుంటున్నాను, వారానికి ఎన్ని గంటలు ప్లస్‌లోకి వస్తాయనుకుంటున్నాను, ఏది అడ్డొస్తుందని భయపడుతున్నాను. మేనేజ్‌మెంట్ రచయిత పీటర్ డ్రకర్ ముఖ్యమైన నిర్ణయాలన్నిటికీ ఇలా రాసిపెట్టుకుని తొమ్మిది నుంచి పన్నెండు నెలల తర్వాత జరిగినదానితో పోల్చుకోవాలని చెప్పేవాడు, తానూ ఏళ్లపాటు అలాగే చేశాడు. కాగితాన్ని కవరులో పెట్టి, తొమ్మిది నెలల తర్వాతి తేదీకి ఫోనులో రిమైండర్ పెట్టుకోండి. కవరు విప్పేముందు అయిదు రోజుల చిట్టా మళ్లీ రాయండి. ముందే విప్పితే పాత అంచనా కొత్త మార్కులను తనవైపు లాగేస్తుంది.